ఒరకోటకు చేరిన బండి

ఆ ఉదయం ఆకాశం వానకు సిద్ధమై మళ్ళీ మనసు మార్చుకుంది. తూర్పున కమ్మిన నల్లమబ్బు పొద్దు పొడిచేలోగా నడిమికి విచ్చి, విరిగిన పాలలా తునకలు తునకలై ఉత్తరపు కొండల మీదికి జారిపోయింది. మబ్బు తొలగిన చోట, ధూమగిరి శిఖరం మీద, పచ్చటి పొగ ఒకటి సన్నగా నిలువుగా లేచింది. గాలి వీస్తూనే ఉన్నా ఆ పొగ వంగలేదు.

ఒరకోట బురుజు మీద నిలబడి, కొండవీరుల నాయకుడు కేతడు ఆ పొగను చూశాడు. మాంత్రికుడు ధూమకంఠుడు నిద్ర లేచాడు. సంధికి రమ్మని పిలిస్తే రానివాడు వాడొక్కడే. ఆ సంధి తెగే రోజు కోసం కాచుకుని కూర్చున్నవాడూ వాడే.

కోట ముంగిట మనుషులు కూడా లేచారు. కొండవీరులు ఒక గోడ నీడన, గంధవరం రాజుగారి భటులు ఎదురుగోడ నీడన చేరారు. మొన్న మొన్నటి దాకా కలిసి కూర్చునేవాళ్ళే. ఆకలి మొదలయ్యాక గోడలు పంచుకున్నారు.

కొండకూ గంధవరానికీ రెండు తరాల పోరు. ఇరువైపులా పుట్టినవాడు పుట్టినట్టే కత్తికి బలైపోయాక, చివరికి సంధి కుదిరింది. ఇరుపక్షాల వీరులూ ఈ కోటలో కాపురముండాలి. కత్తులన్నీ ఒక గొయ్యిలో పూడ్చి, ఆ మట్టి మీద ఉలవలు చల్లాలి. తొలి పంట చేతికొచ్చే దాకా ఆయుధం పట్టబోమని కొండదేవత ముందు ప్రమాణం చేయాలి. ఒక్కడు మాట తప్పినా ఆ ఉలవ నిలువునా మాడిపోతుంది. వానలు పడగానే రాజుగారు నాగళ్ళూ ఎడ్లూ విత్తనాలూ ఇస్తారు. అందాకా తిండిగింజలూ ఆయనే పంపుతారు.

అన్నిటికంటే గట్టి షరతు పొత్తుకూడు. అది కొండవాళ్ళ ఆచారం. ప్రతి అమావాస్యకూ, పొద్దు నడినెత్తికి చేరేలోగా ఒకే కుండ పొయ్యి మీదికి ఎక్కాలి. అందులో ఉడికిన కూడు రెండు పక్షాలవాళ్ళూ ఒకే బంతిలో తినాలి. ఒక్క అమావాస్య తప్పినా సంధి తెగినట్టే. ఎవరి కత్తి వాళ్ళు తవ్వుకోవచ్చు. ఈ షరతు పెట్టమని పట్టుబట్టింది కేతడే. రాజులు మాట మరిచినా కడుపు మరవదు కదా అనుకున్నాడు. గింజలు పంపే పూచీ రాజుదని ఒప్పుకున్న నాడు, కొండ కడుపులన్నిటి తాళంచెవీ తీసుకెళ్ళి గంధవరం రాజు మొలకు కట్టానని అతనికి తోచలేదు.

రేపే అమావాస్య. కోటలో పిడికెడు గింజ లేదు.

వెనక నుంచి దగ్గు వినిపించింది. గంధవరం భటుల నాయకుడు ఎర్రమనాయుడు మెట్లెక్కి వచ్చాడు. ముదుసలి, బండ మనిషి. ఎడమ చెవి ఉండవలసిన చోట మచ్చ ఉంది. మొసలిమడుగు యుద్ధంలో దాన్ని కోసింది కేతడే.

"చూశావా కేతా? గొయ్యి మీద ఉలవాకు ఎవరో గిల్లుకుపోయారు. కూర వండుకున్నట్టున్నారు."

"మీవాళ్ళా, మావాళ్ళా?"

"ఆకలివాళ్ళు. ఇంకోటి విను. మీ జంగడు గడ్డపార నూరుతున్నాడు. రేపు కూడు లేకపోతే ఎవరెవరిని ఎవరు పొడవాలో వంతులేస్తున్నాడు. నేను ఎవరి వంతుకొచ్చానో వినేలోగా ఈ పాడు దగ్గొచ్చింది."

"రెండో చెవి ఉంటే వినేవాడివి నాయుడా."

"కోసినోడివి, నువ్వు అనాల్సిన మాటేనా అది!"

ఇద్దరూ నవ్వలేదు. జంగడి మీద కేతడికి కోపం రాలేదు. సంధి నాడు కత్తిని గోతిలో పడేసి, మట్టి కప్పకముందే "నాగలి ఎప్పుడిస్తారు?" అని అడిగిన మొదటివాడు జంగడే.

"పాలరేవులో రాజుగారి గింజల కొఠారుకు పోదాం," అన్నాడు కేతడు.

"నువ్వు ఎల్లరాయి దాటితే సంధి తప్పినట్టు. తొలి దుక్కి దాకా కొండవాడు పల్లంలో అడుగు పెట్టకూడదు."

"కొండవాడు పెట్టకూడదు. గంగిరెద్దులవాడు పెట్టొచ్చు."

కోటలో ముసలి ఎద్దు ఒకటుంది. పేరు బసవడు. పొత్తుకుండను చూసుకునే ఓబులమ్మ తన పెట్టె అడుగునుంచి ఎర్రచీర ఒకటి తీసి దాని వీపున కప్పింది. పెళ్ళినాటి చీర. ఆమె పెద్దకొడుకు కొండ పక్షాన, చిన్నకొడుకు రాజు పక్షాన చచ్చిపోయారు. అందుకే కుండను ఆమె చేతికిచ్చారు. కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు.

"కుండ కడిగి బోర్లించినాను," అంది కేతడితో. "రేపు మద్దేనం దాకా బోర్లించే ఉంటాది. ఆపైన నువ్వొచ్చినా రాకున్నా ఒకటే. పో నాయనా."

నాయుడు తలపాగాతో చెవి మచ్చ కప్పుకుని, సన్నాయి చేతబట్టాడు. కేతడు డోలు మెడకు తగిలించుకున్నాడు. ఇద్దరూ ఎద్దును తోలుకుంటూ తోడేలు కనుమ దిగారు.

కనుమ దాటగానే ఎల్లరాయి దగ్గర రాజుగారి కావలి ఉండాలి. దారికి కాపలా కాస్తామని సంధిలో చేసిన ప్రమాణం. కావలి గుడిసె ఉంది, జెండా ఉంది. ఒంటరిగా ఒక కావలివాడున్నాడు. ఈటె నేలలో గుచ్చి, దాని కర్రకు దోసకాయల గుత్తి వేలాడదీసి అమ్ముకుంటున్నాడు.

"మిగతావాళ్ళేరీ అయ్యా?" అన్నాడు కేతడు.

"ఇళ్ళకు పోయినారు. జీతమొస్తే వస్తామన్నారు. దోసకాయ తీసుకో. చేదు ఉండదు."

"ధూమకంఠుడు వస్తే?"

"వస్తే వాడికీ ఒకటిస్తా."

నాయుడు కాయ కొరికాడు. చేదుగానే ఉంది.

పాలరేవు పట్టణం దూరం నుంచి చూస్తే కళ్ళు చెదిరిపోతాయి. నది వంపులో తామరపువ్వులా విచ్చుకున్న ఊరు. తెల్లటి మేడల మీద నెమళ్ళు పురివిప్పుతున్నాయి. రేవులో హంసమూతి పడవలు ఊగుతున్నాయి. వీధులకు పన్నీటి కళ్ళాపి. ఊరు నడుమ ఆకాశాన్ని తాకబోతున్నట్టు కొత్త మండపం ఒకటి లేస్తోంది. చలువరాతి స్తంభాలు. స్తంభం స్తంభానికీ ఒక పావురం, పావురం ముక్కున ఒక వరికంకి. కంకిలో గింజగింజా వేరు వేరుగా చెక్కారు. ఊక మీది నూగు కూడా కనిపిస్తోంది. కేతడు ఆ రాతికంకిని చేత్తో తడిమి చూశాడు. చల్లగా ఉంది.

"సంధి మండపం," అన్నాడు దారినపోయే భటుడు గర్వంగా. "ఏయ్ గంగిరెద్దులోడా! సంధి నూరేళ్ళు నిలుస్తుందా అని నీ బసవన్ననడుగు."

జనం మూగారు. తప్పించుకునే దారి లేదు. నాయుడు సన్నాయి ఊదాడు. పిల్లి కాలు తొక్కినట్టు వచ్చింది నాదం. కేతడు డోలు కొట్టి, "బసవన్నా, చెప్పు తండ్రీ, సంధి నిలుస్తుందా?" అన్నాడు. బసవడికి ఏ విద్యా రాదు. మూతి మీద ఈగ వాలింది. తల అడ్డంగా ఊపాడు.

కొందరు నవ్వారు. తరువాత ఎవరూ నవ్వలేదు. భటుడు ఈటె ఎత్తి, "పాడు ఎద్దు, కొఠారు వెనక్కి తోలుకుపోండి, ఇక్కడుంటే పొడుస్తా," అన్నాడు. వాళ్ళు పోవలసింది కూడా అక్కడికే.

కొఠారు అధికారి పేర్రాజు బక్కపలచని మనిషి. అతని పంచె రెండుచోట్ల కుట్టి ఉంది. నాయుడు తలపాగా తీయగానే గుర్తుపట్టి, ఇద్దరినీ లోపలికి లాగి గభాలున తలుపు మూశాడు.

"నాయుడుగారూ! ఇంకా బతికే ఉన్నారా?"

"రేపటి దాకా. గింజలేవయ్యా పేర్రాజూ?"

పేర్రాజు కొఠారు తలుపు తీసి చూపించాడు. ఊరంత ఇల్లు. లోపల అడుగు వేస్తే మాట మారుమోగింది. పిచ్చుక ఒకటి నేలంతా వెతికి వెతికి ఎగిరిపోయింది.

"సంధి నాడు ఏడు దేశాల రాజులు వచ్చారు గదా. చప్పట్లు కొట్టారు. సాయం చేస్తామన్నారు. హంసద్వీపం రాజు ముందు పంపితే మేమూ పంపుతామని మకరపురం రాజు కబురు. దారి భద్రమని తేలితే పంపుతామని హంసద్వీపం రాజు కబురు. దారికి కావలి పెట్టాలంటే వాళ్ళకు తిండిగింజలు కావాలి. ఆ గింజలు రావాలంటే దారికి కావలి ఉండాలి. ఇదీ కథ."

"మన రాజుగారి గింజలు?" అన్నాడు కేతడు.

"శిల్పులు తిన్నారు. వచ్చే పున్నమికి ఆ రాజులంతా మండపం చూడ్డానికి వస్తున్నారు. మండపమే లేకపోతే వాళ్ళకు సంధి మీద నమ్మకం ఎలా కుదురుతుంది అని మంత్రిగారు అడిగారు. నేనేం చెప్పను?"

"మేము చచ్చాక వచ్చి చూస్తే ఇంకా బాగుంటుంది," అన్నాడు కేతడు. "మండపంలో పిండాలు కూడా పెట్టొచ్చు."

పేర్రాజు తల వంచుకున్నాడు. తరువాత గొంతు తగ్గించి చెప్పాడు.

"రేపు శిల్పులకు వండాల్సిన బియ్యం ఒక బండి ఉంది. తోలుకుపోండి. నా మెడ సంగతి నేను చూసుకుంటా. ఇంకో బండి విత్తన జొన్నలు. బూడిద కలిపి, వేపాకు వేసి, మీ తొలి దుక్కి కోసమే దాచాను. వానలు పడ్డాక ఇవ్వాలని మాట. అందాకా ఉంటే దాని మీద ఎవరి కన్ను పడుతుందో. అదీ తీసుకుపో నాయనా. అది మీదే. సంధిలో మీకు నిజంగా ముట్టింది అదొక్కటే."

దీపాలు పెట్టే వేళకు రెండు బండ్లు పాలరేవు దాటాయి. ముందు నాయుడు బియ్యం బండి మీద, వెనక కేతడు విత్తనాల బండి మీద, దాని వెనక పలుపుతో కట్టిన బసవడు. తోడు పంపమంటే పేర్రాజు నవ్వాడు.

తెల్లవారుతుండగా తోడేలు కనుమ చేరారు. ఎడమ చేత నిలువు బండ, కుడి చేత అడుగు కనిపించని లోయ. దారి ఒక్క బండి పట్టేంత. మంచు కురుస్తోంది. ఆ మంచు చూస్తుండగానే పచ్చబడింది.

"నాయుడా, బండి ఆపు!"

ఆపడానికి వ్యవధి లేదు. ఎదుటి బండ మీద ధూమకంఠుడు నిలిచి ఉన్నాడు! జడలు పాములై భుజాల మీద మెదులుతున్నాయి, కళ్ళు చింతనిప్పులు. మెడ నుంచి ఇనుప గొలుసుకు వేలాడే కుంపటిలో పచ్చటి నిప్పులు రగులుతున్నాయి. వాడు కుంపటి మీదికి వంగి గుండెల నిండా పీల్చి, కంఠం ఉబ్బించి ఊదాడు. పొగ లోయ నిండా పరుచుకుని, సుడి తిరిగి, గుర్రాలై, గుర్రాల మీద రౌతులై, రౌతుల చేతుల్లో కత్తులై లేచింది. గిట్టల చప్పుడు లేదు, సకిలింత లేదు. గాలి కోసుకుపోతున్న చప్పుడు ఒక్కటే. రౌతులు బియ్యం బండిని చుట్టుముట్టారు. ఎడ్లు బెదిరి వెనక్కి తన్నాయి. బండి కుడిచక్రం లోయ అంచు దాటి గాలిలో వేలాడింది.

"ఓరీ కేతా!" ధూమకంఠుడి గొంతు కుండలో రాళ్ళు దొర్లినట్టుంది. "సంధి కట్టినవాడు అన్నం పెట్టలేదు. దారి కాస్తానన్నవాడు దోసకాయలు అమ్ముతున్నాడు. నేనిస్తాను, తీసుకో!"

కత్తి ఒకటి వచ్చి, బండి దిగి ముందుకు ఉరికిన కేతడి కాళ్ళ ముందు నేలలో దిగబడి ఊగింది. అచ్చంగా అతని కత్తే. గోతిలో పూడ్చినది. పిడికి చుట్టిన తోలూ, మొసలిమడుగులో నాయుడి చెవిపోగు తగిలి విరిగిన అంచూ అలాగే ఉన్నాయి.

"పట్టుకున్నావా, నా రౌతులు ఉత్త పొగ. ఊదితే పోతారు. పట్టలేదా, నీ బియ్యం లోయ పాలు!"

కేతడి చేయి ముందుకు పోయింది. ఎన్నేళ్ళుగానో దానికి అలవాటైన దారి అది. వేళ్ళు పిడి దాకా వెళ్ళాయి. ఒరకోటలో గొయ్యి మీద, గిల్లగా మిగిలిన ఉలవాకు కళ్ళ ముందు కదిలింది.

"పట్టకురా!" బండి నొగలు పట్టుకుని వేలాడుతూ నాయుడు అరిచాడు. "బండి పడితే పడనీ! నా మిగిలిన చెవి మీద ఒట్టు, పట్టకు!"

కేతడు పిడికిలి బిగించాడు. అందులో గాలి తప్ప ఏమీ లేదు. కత్తిని కాలితో తన్నాడు. అది లోయలోకి పోయింది.

నాయుడు ఎడ్ల మెడపట్టెడలు లాగి వదిలేసి బండ వైపు దూకాడు. ఎడ్లు తప్పించుకున్నాయి. బండి బోర్లపడింది. బస్తాలు పగిలి బియ్యం తెల్లగా, జలపాతంలా, చప్పుడు లేకుండా లోయలోకి జారిపోయింది.

రౌతులు విత్తనాల బండి వైపు తిరిగారు. వెనక్కి తగ్గిన కేతడి చేయి బస్తా మీద పడింది. అరచేతికి బూడిద అంటింది. అప్పుడు వచ్చింది అతనికి ఉపాయం. పళ్ళతో బస్తా మూతి విప్పి, రెండు దోసిళ్ళ బూడిద కండువాలో వేసుకుని, ముసలి బసవడి పలుపు లాగేసి దాని పిరుదు మీద ఒక్క చరుపు చరిచాడు. ఎద్దు ఎర్రచీరతో, మెడగంటలతో పొగలోకి దూసుకుపోయింది. రౌతులు దాని వైపు తిరిగేలోగా కేతడు బండను పట్టుకుని పైకి పాకి, కండువా విదిల్చి బూడిదంతా కుంపటిలో కుమ్మరించాడు.

నిప్పు చచ్చింది. పొగరౌతులు నడుములకు తెగి చినిగిన బట్టల్లా గాలిలో కొట్టుకుపోయారు. ధూమకంఠుడు ఊపిరాడక ఎగదగ్గుతూ, జడలు విదుల్చుకుని గబ్బిలమై ఉత్తరానికి ఎగిరాడు.

"వచ్చే అమావాస్యకు ఏం వండుతావురా?" అన్న మాట ఒక్కటీ వెనకబడి కనుమలో తిరిగింది.

నాయుడు మోకాళ్ళ మీద కూర్చుని లోయలోకి చూస్తున్నాడు. "బూడిద సంగతి ముందే తోచుంటే..." అని ఆగిపోయాడు. ముందే ఎందుకు తోచలేదో కేతడికీ తెలియదు. బసవడు చీర పోగొట్టుకుని రొప్పుతూ తిరిగి వచ్చి బండి పక్కన నిలబడ్డాడు.

పొద్దు నడినెత్తికి జానెడు దూరంలో ఉండగా బండి ఒరకోట వాకిట్లోకి వచ్చింది. గొయ్యి చుట్టూ అందరూ నిలబడి ఉన్నారు. ఒకవైపు కొండవాళ్ళు, ఒకవైపు భటులు. జంగడు గడ్డపార ఎత్తి పట్టుకుని నీడ కేసి చూస్తున్నాడు. నీడ పాదాల కిందికి చేరితే గడ్డపార దిగుతుంది. చిట్టచివరి ఉలవాకు ఇంకా పచ్చగానే ఉంది.

"వచ్చినాడు! బండి వచ్చినాది!"

జనం పరిగెత్తారు. జంగడు గడ్డపార పారేసి అందరికంటే ముందు చేరాడు. బస్తాలో చేయి పెట్టి పిడికెడు తీశాడు. బూడిద రాలింది, వేపాకు రాలింది. జొన్నలు మిగిలాయి. గుండ్రంగా, బరువుగా, ఒక్క పుచ్చు లేకుండా ఏరిన జొన్నలు. వాటిని చూడగానే అందరికీ తెలిసిపోయింది. వాళ్ళంతా కత్తి పట్టకముందు నాగలి పట్టినవాళ్ళే.

జంగడి ముఖం కేతడి వైపు తిరిగింది. "ఇవేందన్నా?"

నాయుడే చెప్పాడు, కనుమలో జరిగినది జరిగినట్టు. కత్తి సంగతి కూడా. చెప్పి దగ్గాడు.

ఓబులమ్మ జనాన్ని తోసుకుని వచ్చి, జంగడి అరచేతిలోంచి ఒక గింజ తీసి పంటి కింద నొక్కి చూసింది.

"విత్తనాలు రా కేతా."

"తెలుసత్తా."

"తెలిసే వండమంటావా?"

కేతడు నీడ వైపు చూశాడు. బెత్తెడు మిగిలింది. కోటలో అందరూ అతని నోటి కేసి చూస్తున్నారు, రెండు గోడలవాళ్ళూ. ఒక్కసారి కళ్ళు మూసుకుని తెరిచాడు.

"కుండ ఎక్కించు."

ఓబులమ్మ బోర్లించిన కుండను తిప్పి పొయ్యి మీద పెట్టింది. నీళ్ళు పోసి నిప్పు రాజేసింది. పొయ్యి మీదికి కుండ ఎక్కితే పొద్దు ఆగినట్టే లెక్క. నీడ వచ్చి పాదాల కింద దూరింది. ఎవరూ గొయ్యి వైపు పోలేదు.

ఒక కొండవాడు చెరిగాడు, ఒక భటుడు దంచాడు. రోకలి పోటు పడినప్పుడల్లా ఎవరో ఒకరు కళ్ళు పక్కకు తిప్పుకున్నారు. బూడిద ఎంత చెరిగినా పూర్తిగా పోలేదు. వేపాకు ముక్కలు ఎంత ఏరినా కొన్ని కలిసే ఉడికాయి. ఓబులమ్మ తెడ్డుతో సంకటి కెలికి, ముద్దలు చేసి, మోదుగాకుల్లో పెట్టింది.

అందరూ ఒకే బంతిలో కూర్చున్నారు, ఆచారం ప్రకారం, కొండవాడి పక్కన భటుడు, భటుడి పక్కన కొండవాడు. కేతడి పక్కన నాయుడు. నాయుడి పక్కన జంగడు. ఉత్తరాన ధూమగిరి మీద పచ్చటి పొగ మళ్ళీ సన్నగా లేస్తోంది. అటు చూసినవాళ్ళు చూశారు. మళ్ళీ ఆకుల మీదికి వంగారు.

సంకటి చేదుగా ఉంది. ఆకలితో ఉన్న మనుషులు ఆబగా తింటారు. వీళ్ళు నెమ్మదిగా తిన్నారు. ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగడానికి ముందు కొంచెం ఆగుతున్నారు. నములుతున్న చప్పుడు, ఈగల చప్పుడు, అంతే.

జంగడి నోటికి నలగని గింజ ఒకటి తగిలింది. వేళ్ళతో తీసి వెలుతురుకు పెట్టి చూశాడు. ఉబ్బి మెత్తబడిన గింజ. దాన్ని పంచెకు తుడిచి, మొల దగ్గర మడత విప్పి, లోపల పెట్టి, గట్టిగా ముడి వేసుకున్నాడు. ఉడికిన గింజ మొలవదని ఆ బంతిలో తెలియనివాడు లేడు. నాయుడు చూశాడు, కేతడు చూశాడు, కుండ దగ్గర నిలబడిన ఓబులమ్మ చూసింది. తలలు వంచుకుని, ఆకుల్లో మిగిలింది తిన్నారు.